జానెడు తెరిచిన షట్టరు

కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించేవాళ్ళను లెక్కలేనంత మందిని చూశాను. మోటారు ఇన్సూరెన్సు సర్వేయరుగా సగం జీవితం గడిపిన దాన్ని. నిమ్మకాయలు తొక్కించి, ఆ వెంటనే షోరూం గేటుకే గుద్దిన కార్లకు కూడా క్లెయిములు రాశాను. నిమ్మకాయకు లవంగాలు గుచ్చి పెట్టే మనిషిని మాత్రం ఆ సాయంత్రమే మొదటిసారి చూశాను.

ఆ మనిషి పేరు భీమశంకరం. ఏలూరు శివార్లలో, కొల్లేటి వైపు పల్లంలో కట్టిన తామర ఎన్‌క్లేవ్ అనే విల్లాల కాలనీకి ప్రెసిడెంటు. కైకలూరు రోడ్డులో ఆయనకు ఐసు ఫ్యాక్టరీ ఉంది. నేను గేటు దగ్గర స్కూటరు ఆపేసరికి ఆయన తన తెల్లకారు చుట్టూ వంగుతూ లేస్తూ నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు సర్దుతున్నాడు. ఒక్కో కాయకు నాలుగేసి లవంగాలు, కొలిచి గుచ్చినట్టున్నాయి. నన్ను చూసి చేతులు దులుపుకుని నమస్కారం పెట్టాడు. లవంగాలెందుకండీ అని అడిగాను.

"ఇవాళ అమావాస్య కదమ్మా. ఉత్త నిమ్మకాయ దిష్టికి చాలుద్దండి. గాలీ ధూళీ వెంట రాకుండా ఉండాలంటే లవంగం పడాల్సిందే. మా నాన్నగారి దగ్గర్నుంచీ అలవాటండి."

ఫ్యాక్టరీకి వెళ్ళి దీపాలు పెట్టేవేళకు అసోసియేషను మీటింగుకు వచ్చేస్తానని, ఆడకూతురిని గనక, నన్ను పిలిపించిన రమ్యకు నేనే నాలుగు మంచిమాటలు చెప్పి సంతకం పెట్టించాలని ఎంతో నెమ్మదిగా అడిగాడు. కారు నాలుగు కాయలనూ పిప్పి చేసి వెళ్ళిపోయింది. మెత్తగా మాట్లాడే మనుషులంటే నాకు మొదట్నుంచీ అనుమానమే. అయితే గోదావరి నీళ్ళు తాగినవాళ్ళం అందరం మెత్తగానే మాట్లాడతాం కాబట్టి, ఈ జిల్లాలో నా అనుమానానికి అంతూ పొంతూ ఉండదు.

నా పేరు దుర్గాభవాని. ఉద్యోగం మానేశాక పవర్‌పేటలో చిన్న ఆఫీసు పెట్టుకుని ప్రైవేటు ఎంక్వయిరీలు చేస్తున్నాను. ఈ కేసు రమ్యది. ఆమె భర్త ఆనంద్ పాల్ తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరరు, ఈ కాలనీ అసోసియేషనుకు సెక్రటరీ. మనిషి కనిపించకుండా పోయి మూడు వారాలైంది. ఆయన రోజూ కాలేజీకి వెళ్ళొచ్చే కారు మాత్రం పదకొండో నంబరు గ్యారేజీలోనే ఉంది. కారు ఇక్కడే ఉంది కాబట్టి మనిషి రైలెక్కి తనంతట తానే వెళ్ళిపోయాడని అందరూ తేల్చేశారు. ఆ మాట ఒప్పుకుంటూ రమ్య సంతకం పెడితే పోలీసులు ఫైలు మూసేస్తారు. పెట్టించే పని అసోసియేషను తలకెత్తుకుంది.

రమ్య ఇల్లు సరిగ్గా గ్యారేజీల వరసకు ఎదురుగా ఉంటుంది. ఆమె వరండాలో కూర్చుని చేతిలో కారు రిమోటు తాళాన్ని తిప్పుతూ చెప్పింది, నేను విన్నాను. మాయమైన రోజు సాయంత్రం భర్త కాలేజీ నుంచి వచ్చి, కారు లోపల పెట్టి, టీ తాగాడు. చపాతీలు అయ్యేలోపు షట్టర్ల దగ్గరికి ఒకసారి వెళ్ళొస్తానని చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా వెళ్ళాడు. తిరిగి రాలేదు. రాత్రికి ఆయన ఫోను తాడేపల్లిగూడెం స్టేషను దగ్గర ఉన్నట్టు తేలింది, ఆ తర్వాత ఆగిపోయింది. కారు అసలు తాళం, గ్యారేజీ షట్టరు తాళంచెవి రెండూ ఆయన గుత్తిలోనే ఉండిపోయాయి. ఇంట్లో మిగిలింది ఈ రిమోటు ఒక్కటే.

"రోజూ సాయంత్రం ప్రార్థనయ్యాక ఇక్కడ నిలబడి ఇది నొక్కుతానండి. కారు పలుకుద్ది. ఆయన గేటు దగ్గరికి వచ్చేసినట్టే ఉంటుంది నాకు. పిచ్చి అనుకోకండి."

నేను పిచ్చి అనుకోలేదు. మంచినీళ్ళు అడిగి తాగాను.

సంతకం మాట ఎత్తితే ఆమె కళ్ళెత్తి నా వంక చూసింది. "పెడితే ఆయన నన్ను వదిలేసి పోయారని నా చేత్తో నేను రాసిచ్చినట్టే కదండీ. చర్చిలో అప్పుడే నా పక్క బెంచీ ఖాళీగా వదిలేస్తన్నారు. పోయారా, నన్ను వదిలి పోయారా, ఆ ఒక్కటీ తేల్చండి భవాని గారూ. రెండోది కాకపోతే చాలు, మొదటిదైనా భరిస్తాను."

ఆ మాట వింటూ నేను ఎదురుగా ఉన్న షట్టర్ల వంక చూశాను. వరసలో దాదాపు అన్నీ నేలకు జానెడు ఎత్తులో ఆగిపోయి ఉన్నాయి. ఆ జానెడు మేర చీకటి, వరస పొడవునా ఒకటే గీతలా సాగింది. దాని వెనక ఎవరో బోర్లా పడుకుని మన కాళ్ళు చూస్తున్నట్టు ఉంటుంది. అలా తోచినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆ జానెడు ఖాళీ కథ చెప్పాలి. పల్లంలో కట్టిన ఇళ్ళు కావడంతో ఒకసారి వరదకు కార్లన్నీ మునిగాయట. అందుకని గ్యారేజీలన్నీ వెనక గోడ పక్కన, ఎత్తు అరుగు మీద ఒకే వరసగా కట్టారు. కట్టగానే జనం వాటిలో కార్లు తప్ప అన్నీ పెట్టారు. పాత సోఫాలు, ధాన్యం బస్తాలు, ఒకాయన ఏకంగా కర్రీ పాయింటు. కార్లు రోడ్డు మీద, కొట్లాటలు కార్ల మీద. అంబులెన్సు లోపలికి రాలేక ఒక ముసలమ్మ ప్రాణం గేటు దగ్గరే పోయింది. అప్పుడు సెక్రటరీ అయిన ఆనంద్ పాల్ ఒక రూలు తెచ్చాడు. గ్యారేజీలో కారు తప్ప మరొకటి ఉండకూడదు. షట్టరు జానెడు ఎత్తున ఆపి, పక్క గొళ్ళేలకు తాళం వేసుకోవాలి. సందెవేళ వాచ్‌మన్ వరసగా వంగి చూస్తూ వస్తాడు, టైర్లు కనిపిస్తే కారు ఉన్నట్టు. ఊళ్ళో లేనివాళ్ళు మాత్రం షట్టరు పూర్తిగా దించుకోవచ్చు. కాలనీలో దీనికి జానెడు రూలు అని పేరు.

వాచ్‌మన్ తోమాది కొల్లేటికోట. మోకాళ్ళు అరిగిపోయిన పెద్దమనిషి. ఇంకా పొద్దుండగానే, నా కోసం ఆ సాయంత్రపు చుట్టు ఒకసారి వెయ్యమని అడిగాను. టార్చి పట్టుకుని, మొదటి షట్టరు దగ్గర నడుం కొంచెం వంచి లోపలికి వెలుగు కొట్టి, పైకి వినపడేలా చెప్పాడు.

"ఒకటి... ఉంది. రెండు... లేదు. మూడు... ఉంది."

ఇనప షట్టర్లు ఆ గొంతును కాసేపు పట్టుకుని వదులుతున్నాయి. ఉంది, లేదు, ఉంది. సమాధుల వరసలో హాజరు పలుకుతున్నట్టు ఉంది. పదకొండు దగ్గర తోమా వంగాడు గానీ, వెలుగు అలా తగిలించి ఇలా తీసేశాడు. "పదకొండు... ఉంది" అన్నాడు, గొంతు తగ్గించి. పన్నెండు షట్టరు పూర్తిగా దించేసి ఉంది. అది చింతలపూడిలో పామాయిల్ తోటలున్న హనుమంతరావుగారిది, వాళ్ళు ఏడాదికోసారి వస్తారు, తాళాలు ప్రెసిడెంటుగారి దగ్గర ఉంటాయి అని చెప్పి దాటేశాడు. పదమూడు ప్రెసిడెంటుగారిది. ఖాళీగా ఉంది.

పదకొండు దగ్గర అంత తొందరెందుకని అడిగాను. చెప్పడానికి మొదట ఒప్పుకోలేదు. నేను అరుగు మీద కూర్చుని కదలనని తేలాక చెప్పాడు.

"మిగతా కార్లు పలికినప్పుడు లైట్లు వెలుగుతాయి కదండీ, ఆ వెలుగు కిందినుంచి అరుగు మీద పడుద్దండి. పదకొండులో కారు రోజూ అమ్మగారు నొక్కినప్పుడు పలుకుద్దండి. వెలుగు మాత్రం పడదండి. నోరు తెరుస్తది, కన్ను తెరవదు. బతికున్న కారు అలా చెయ్యదండి."

"ఈ మాట ఎవరికైనా చెప్పారా తోమా గారూ?"

"ప్రెసిడెంటుగారికి చెప్పానండి. బల్బు పోయుంటది, ఎవరికీ చెప్పకు, రమ్యగారు భయపడతారన్నారండి."

నేను ఇంకో ప్రశ్న అడిగేలోపు వెనక నుంచి చప్పట్లు వినిపించాయి. ఫణికిరణ్. ఒకప్పుడు నా దగ్గరే సర్వేయరు పని నేర్చుకున్నాడు. ఇప్పుడు ఏలూరులో ఏసీ ఆఫీసు, రెండు డ్రోన్లు, పేరు వెనక మూడు ఇంగ్లీషు అక్షరాలు. ఈ కేసులో అసోసియేషను తరఫున రిపోర్టు రాసింది అతనే. ఆనంద్ పాల్ తోటి లెక్చరరు కుసుమతో వెళ్ళిపోయాడని ఆ రిపోర్టు సారాంశం. గురువును మించిన శిష్యుడు అనిపించుకోవాలని అతనికి ఎప్పట్నుంచో ఆశ. నాకు ఏ అభ్యంతరమూ లేదు, మించితే.

"దెయ్యాల స్టేట్‌మెంటు కూడా తీసుకుంటున్నారా మేడమ్?" అన్నాడు.

"దెయ్యాలు అబద్ధమాడవు ఫణీ. నీ రిపోర్టు చదివాను. కుసుమ కాలేజీ మానేసింది ఎప్పుడు?"

"ఆయన పోయిన వారమే. అదే కదా పాయింటు."

"ఆమెకు నిన్న ఫోను చేశాను. పెంటపాడులో పుట్టింట్లో ఉంది. పురిటికి వెళ్ళింది. పక్కన మొగుడున్నాడు, పిల్లకి జోల పాడుతున్నాడు. వినిపించమంటావా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. అయినా తగ్గలేదు. గేటు కెమెరాలో కారు బయటికి పోయినట్టు లేదని, మనిషి పోయినట్టూ లేదని, వెనక గోడకు పనివాళ్ళు వచ్చే చిన్నగేటుకు కెమెరా లేదు గనక అటునుంచే పోయి ఉంటాడని, ఫోను గూడెం స్టేషను దగ్గరే ఆగిపోయిందని ఏకరువు పెట్టాడు. కారు మాత్రం ఇక్కడే ఉంది, రోజూ అందరూ చూస్తున్నారు, అన్నాడు.

"ఏం చూస్తున్నారు?"

"కారు."

"టైర్లు," అన్నాను.

అరుగు మీద సంచీ పెట్టి, చీర కొంగు దోపుకుని, పదకొండో షట్టరు ముందు బోర్లా పడుకున్నాను. ఈ వయసులో, ఈ ఒంటితో అది చూడ ముచ్చటైన దృశ్యమేమీ కాదు. ఫణి మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఈ కాలనీలో ఇన్నాళ్ళూ ఎవరూ ఆ పని చెయ్యలేదు. పెద్దమనుషులు వంగుతారు గానీ పడుకోరు.

మోచేతికి చెమ్మ తగిలింది. పన్నెండో షట్టరు కిందినుంచి సన్నగా ఊరి, అరుగు మీద ఇటు జారుతోంది. ఎండాకాలం సాయంత్రం, సిమెంటు ఇంకా కాలుతోంది, ఆ నీళ్ళు మాత్రం చల్లగా ఉన్నాయి. ఇదేంటని తోమాను అడిగితే కొల్లేటి నేల ఎప్పుడూ ఊరుతుందండి అన్నాడు. ఎత్తు అరుగు మీదికి ఏ నేల ఊరుతుంది అనుకున్నాను గానీ, అప్పటికి నా కళ్ళు లోపలికి అలవాటు పడుతున్నాయి.

నాలుగు టైర్లు. వాటి మీద కారు కవరు అంచు వేలాడుతోంది. అంతా ఉండాల్సిన చోటే ఉంది. కాసేపు అలాగే చూశాను. ఏదో తేడా ఉందని ఒంటికి తెలుస్తోంది, బుర్రకు తెలియడం లేదు. ఇన్నేళ్ళు కార్ల కింద దూరి బతికిన దాన్ని, నాకే అంతసేపు పట్టింది.

"ఫణీ, ఇలా రా. ప్యాంటు మాస్తే ఉతుక్కోవచ్చు. నీకు మొదటిరోజు నేర్పిన పాఠం ఏమిటి?"

విసుక్కుంటూ పక్కన పడుకున్నాడు. "టైరు చూసి కారు బరువు చెప్పొచ్చని."

"బరువు మోసే టైరు నేల దగ్గర ఎలా ఉంటుంది?"

"కొంచెం పొట్ట వేస్తుం..." అని ఆగిపోయాడు.

ఆ టైర్లు పొట్ట వెయ్యలేదు. నాలుగూ గాజుల్లా గుండ్రంగా, నేలను తాకీ తాకనట్టు నిలబడి ఉన్నాయి. వాటి మీద ఏ బరువూ లేదు.

ఫణి లేచి నిలబడి, గాలి ఎక్కువ కొట్టించి ఉంటాడని గొణిగాడు. షట్టరు తెరిచి చూద్దామన్నాను. జనరల్ బాడీ అనుమతి లేకుండా గ్యారేజీ తాళం పగలగొట్టకూడదని రూలుందట. అది ఇతరుల తాళం సంగతి, ఎవరి తాళం వాళ్ళు కోసుకోకూడదని ఎక్కడుందో చూపించమన్నాను. మా మాటలు విని రమ్య అప్పటికే రోడ్డు దాటి వచ్చేసింది. సర్వేయరు రోజులనాటి రంపం బ్లేడు నా సంచీలో ఇప్పటికీ ఉంటుంది. నేను తీసేలోపే ఆమె చెయ్యి చాచింది. తాళం ఆమే కోసింది. రంపం చప్పుడు షట్టర్ల వరసంతా పాకి, చివరిదాకా పోయి, వెనక్కి వచ్చింది. మీటింగుకు జనం వచ్చే వేళయిందని తోమాను గేటు దగ్గరికి పంపేశాడు ఫణి.

షట్టరు పైకి లేచింది. లోపల బూడిదరంగు కవరు కప్పుకుని కారు నిండుగా నిలబడి ఉంది. బానెటు, అద్దాల ఎత్తు, పైకప్పు, అన్నీ వాటి వాటి చోట్ల ఉన్నాయి.

ఫణి ఊపిరి వదిలి నవ్వాడు. "చాలా మేడమ్?"

"చాల్లేదు. వెళ్ళి దాని మీద ఆనుకుని నిలబడు. ఫోటో తీస్తాను."

పోటీకి అన్నట్టు లోపలికి నడిచి, బానెటు మీద అరచెయ్యి వేసి ఆనుకున్నాడు. చెయ్యి మోచేతిదాకా లోపలికి దిగిపోయింది. కెవ్వుమనలేదు గానీ, మనిషి తూలి కవరుతో సహా ముందుకు పడ్డాడు. కవరు కింద ఎముకలు విరిగినట్టు పటపటా చప్పుడైంది. లాగి చూస్తే వెదురు బద్దలు. చెరువుల దగ్గర వాడే నైలాను తాడుతో, కారు ఆకారానికి ఎంతో ఓపికగా కట్టిన గూడు. దాని నాలుగు మూలలా రిమ్ములతో సహా పాత చక్రాలు, పడిపోకుండా ఇటుకల మధ్య నిలబెట్టి ఉన్నాయి. ఇన్నాళ్ళూ తోమా చెప్పిన 'ఉంది' దీన్ని చూసే.

గ్యారేజీ మధ్యలో ఆ బోలు కారు ఒక పక్కకు ఒరిగి ఉంది, లోపలున్నదేదో అప్పుడే లేచి వెళ్ళిపోయినట్టు. నాకు భయం వేసింది. ఒక మనిషి కూర్చుని ఇంత ఓపికగా అబద్ధాన్ని అల్లాడంటే, ఆ అబద్ధం కింద ఉన్నది చిన్నది కాదు.

వంగి నేల చూశాను. పాత చక్రాలకు కొంచెం అవతలగా, నిజం కారు నిలబడ్డ చోట, సిమెంటు మీద నాలుగు నల్లటి మరకలు. గోరుతో గీరితే ఎండి అతుక్కుపోయిన తొక్క లేచింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. దాన్లో చితికిన లవంగం ఒకటి ఉంది.

"మీరు కారు కింద నిమ్మకాయలు పెడతారా?" అని రమ్యను అడిగాను.

"మేమెందుకు పెడతామండీ? కొన్నప్పుడు పాస్టరుగారు ప్రార్థన చేశారంతే."

పదకొండో నంబరు కారును దాని యజమాని కాక మరొకరు కదిలించారు. కదిలించే ముందు ఆ కారంటే భయపడ్డారు. ఆ తొందరలో కూడా చెయ్యి అలవాటు మానలేదు, నాలుగు చక్రాలకూ నాలుగు కాయలు, కాయకు నాలుగు లవంగాలు. కాయలతో దిష్టి తీసే చేతులు ఈ ఊళ్ళో వేలల్లో ఉంటాయి. లవంగం గుచ్చే చెయ్యిని మాత్రం నేను ఇందాకే గేటు దగ్గర చూశాను. కంచే చేను మేసింది.

ఆ పేరు నేను పైకి అనలేదు. ఫణి నా మొహం చూసి, చేతిలో తొక్క చూసి, తెల్లబోయాడు. అతనూ ప్రెసిడెంటుగారి తెల్లకారు కింద లవంగాల కాయలను ఎన్నోసార్లు చూసి ఉంటాడు. క్లయింటుకు ఒక మాట చెప్పాలి మేడమ్ అంటూ ఫోను తీసి బయటికి నడిచాడు. ఆగరా అని అరిచాను. ఆగలేదు. తెలివైనవాడే, కానీ డబ్బిచ్చినవాడు తప్పు చెయ్యడన్న నమ్మకం ఒకటి వాడికి మొదట్నుంచీ ఉంది. అది నేను నేర్పింది కాదు.

రమ్య ఒరిగిన వెదురు గూడు వంకే చూస్తూ నిలబడింది. తర్వాత చేతిలో రిమోటు వంక చూసింది. ఆమె మొహంలో ఒక ఆలోచన పుట్టడం, అది ఆమెను భయపెట్టడం నాకు స్పష్టంగా కనిపించింది.

"భవాని గారూ, ఇక్కడ కారు లేదు కదండీ. మరి ఇన్నాళ్ళూ నాకు పలికిందేంటండీ?"

నేను జవాబు చెప్పేలోపే ఆమె వేలు నొక్కింది.

టిక్. టిక్.

చప్పుడు మా కుడిపక్క గోడలోంచి వచ్చింది. పైన, గోడకు కప్పుకు దగ్గరగా ఉన్న గాలి కన్నంలో నారింజ రంగు వెలుగు రెండుసార్లు వెలిగి ఆరింది. గోడకు అవతల పన్నెండో నంబరు. ఊళ్ళో లేనివాళ్ళ గ్యారేజీ. జానెడు రూలు వర్తించనిది. కన్ను తెరిచినా ఎవరికీ కనపడనిది.

గోడ మీద అరచెయ్యి పెట్టాను. రోజంతా ఎండలో మాడిన వరస అది, మా వైపు గోడ వేడిగా ఉండాలి. పొద్దున బిందెలో పోసుకున్న నీళ్ళంత చల్లగా ఉంది. షట్టరు కింద ఊరే నీళ్ళు గుర్తొచ్చాయి. నేల ఊరలేదు. ఐసు కరుగుతోంది. మూడు వారాలుగా రోజూ ఎవరో తెచ్చి పోస్తున్న ఐసు కరుగుతోంది. కారు చెడిపోకుండా ఉండటానికి ఎవరూ ఐసు పొయ్యరు.

అది రమ్యకు ఎలా చెప్పాలో తెలియక నేను గోడ మీంచి చెయ్యి తియ్యలేదు. చెప్పనక్కర్లేకపోయింది. ఆమె వచ్చి నా చెయ్యి పక్కనే తన చెయ్యి పెట్టింది. ఆ చలి ఆమెకు తెలిసింది. ఐసు ఫ్యాక్టరీ ఎవరిదో ఆమెకూ తెలుసు.

ఆ రోజు ఆనంద్ పాల్ షట్టర్ల దగ్గరికి ఎందుకు వెళ్ళాడని మెల్లగా అడిగాను. ఊళ్ళో లేనివాళ్ళ షట్టర్లు కూడా వచ్చే ఆదివారం ఎత్తించాలని మీటింగులో అన్నారట, ప్రెసిడెంటుగారు అక్కర్లేదన్నారట, అయితే ముందు నేనే చూసొస్తా అని వెళ్ళారట. పన్నెండులో ఆయన ఏం చూశాడో ఇంకా తెలియదు. చూశాడని మాత్రం తెలిసింది. గేటు కెమెరా దాటించలేని కారును, దాన్లో దాచినదాన్ని, సంతకం పడి ఫైలు మూసేదాకా జానెడు రూలు లేని చోట ఉంచి, తోమా లెక్క తప్పకుండా ఇక్కడ వెదురు కారు నిలబెట్టారు.

బయట ఫణి గొంతు వినిపించింది. "వచ్చేశారా సార్, ఇప్పుడే మీకు ఫోను..." అంటున్నాడు. ఆ తర్వాతి మాట సగంలో తెగిపోయింది. బరువైనదేదో అరుగు మీద కూలిన చప్పుడైంది.

నేను తిరిగేసరికి షట్టరు కిందికి దిగుతోంది. అటు పరిగెత్తాను. నా కాళ్ళకు వెదురు బద్దలు అడ్డుపడి బోర్లా పడ్డాను. సంచీ, అందులో ఫోను, రంపం బ్లేడు, అన్నీ అరుగు మీదే ఉన్నాయి. దిగుతున్న షట్టరు కింద తెల్లటి పంచె అంచు, శుభ్రంగా కడుక్కున్న పాదాలు కనిపించాయి. జానెడు దగ్గర షట్టరు ఒక్క క్షణం ఆగింది, అలవాటు కొద్దీ. మళ్ళీ కదిలింది. ఈసారి ఆ జానెడు కూడా వదల్లేదు.

"ఏమనుకోకండమ్మా," అంది బయట ప్రెసిడెంటుగారి గొంతు, ఎంతో మర్యాదగా. షట్టరుకు మరో తాళం పడిన చప్పుడు వినిపించింది.

చీకటి. నేను షట్టరు బాదుతూ తోమాను పిలుస్తున్నాను, గేటు చాలా దూరం. నా వెనక రమ్య అరవలేదు, ఏడవలేదు. ఆమె మళ్ళీ రిమోటు నొక్కింది. గోడ అవతల కారు పలికింది. గాలి కన్నంలోంచి పడిన నారింజ వెలుగులో ఆమె మొహం ఒక క్షణం కనిపించింది. మూడు వారాల తర్వాత ఆ మొహంలో అవమానం లేదు.

"వెళ్ళిపోలేదండి," అంది. "పక్కనే ఉన్నారు. రోజూ పలుకుతూనే ఉన్నారు."

నేను వెళ్ళి ఆమెను పట్టుకున్నాను. ఇద్దరం గోడకు ఆనుకుని నిలబడ్డాం. అవతల పన్నెండో నంబరు షట్టరు గొలుసు లాగిన శబ్దమైంది. నీళ్ళలో ఎవరో చకచకా నడిచారు. కారు తలుపు తెరుచుకుని, మూసుకుంది. ఈసారి నిమ్మకాయలు పెట్టుకునే తీరిక ఆయనకు లేదు.

గోడ అవతల ఆనంద్ పాల్ కారు స్టార్టయింది.